దుబాయి నాలుగు గంటలే.. అయినా అందనంత దూరం

• హైదరాబాద్‌ నుంచి గగనతల దూరం సుమారు 2,550 కిలోమీటర్లు
• వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ సమయం
• పల్లె నుంచి లెక్కిస్తే ప్రయాణం అర్ధ దినానికి పైమాటే
• ఆపద సమయాల్లో అక్కరకు రాని విమాన వేగం

జగిత్యాల: 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న మాట ఉత్తర తెలంగాణ పల్లెల్లో తెలియనివారుండరు. సేద్యం గిట్టుబాటు కాక, చేతికి పని దొరకక ఇల్లు విడిచిన వారికి మూడు తరాలుగా ఆ మూడే దిక్కులు. వాటిలో అన్నిటికన్నా దూరాన ఉన్న దుబాయి, గడియారం ముందు పెట్టుకొని చూస్తే బొంబాయికన్నా దగ్గర. జగిత్యాలలో బస్సెక్కిన మనిషి బొంబాయి చేరేసరికి ఒక రాత్రి గడిచిపోతుంది. శంషాబాద్‌లో విమానమెక్కిన మనిషి నాలుగు గంటల్లో దుబాయిలో దిగుతాడు. అయినప్పటికీ తండ్రి అంత్యక్రియలకు కొడుకు అందలేకపోవడం, గల్ఫ్‌లో కన్నుమూసిన వ్యక్తి భౌతికకాయం వారాల తరబడి ఊరికి చేరకపోవడం ఈ ప్రాంతంలో తరచూ వినవస్తున్న విషాదాలే. ఆకాశంలో నాలుగు గంటల దూరం నేలమీదకు వచ్చేసరికి ఇంతగా ఎందుకు పెరుగుతున్నదో పరిశీలించవలసిన అవసరం ఉంది.

దూరం ఒక్కటే.. లెక్కలు మూడు

హైదరాబాద్, దుబాయి విమానాశ్రయాల మధ్య సరళ మార్గంలో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాద్‌ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి ఇది దాదాపు రెట్టింపు. ఇదే దూరాన్ని కొన్నిచోట్ల 1,582 మైళ్లుగాను, మరికొన్నిచోట్ల 1,375 నాటికల్‌ మైళ్లుగాను చూపడంతో ప్రయాణికులు అయోమయానికి లోనవుతుంటారు. వైమానిక రంగంలో వాడుకలో ఉన్నది నాటికల్‌ మైలు. ఒక నాటికల్‌ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. అంకెలు వేరైనా దూరం ఒక్కటే.

గల్ఫ్‌ నగరాలన్నీ ఒకే దూరంలో లేవు. హైదరాబాద్‌ నుంచి మస్కట్‌ సుమారు 2,200 కిలోమీటర్లు, దోహా 2,900, కువైట్‌ 3,370, రియాద్‌ 3,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. జెడ్డా 4,100 కిలోమీటర్లు దాటుతుంది. ఊళ్లో అందరూ 'దుబాయి పోయిండు' అనే అంటారు. వాస్తవానికి వారిలో ఒకరు దుబాయిలో, మరొకరు దానికి ఒకటిన్నర రెట్లకు పైగా దూరమున్న జెడ్డాలో ఉండవచ్చు.

హైదరాబాద్‌ నుంచి దుబాయికి గీసిన సరళరేఖ దాదాపు ముంబయి మీదుగానే సాగిపోవడం విశేషం. హైదరాబాద్‌-ముంబయి దూరం సుమారు 620 కిలోమీటర్లు, ముంబయి-దుబాయి దూరం సుమారు 1,930 కిలోమీటర్లు. రెండూ కలిపితే మళ్లీ 2,550 కిలోమీటర్లే వస్తుంది. ఒకప్పుడు ఈ జిల్లాలవారు బొంబాయి చేరి, అక్కడ రోజుల తరబడి వేచి ఉండి విమానమెక్కేవారు. దూరం దృష్ట్యా వారు చుట్టుదారిన పోయింది లేదు. వారికి నష్టమైనదంతా కాలమూ, సొమ్మూ మాత్రమే. నేడు ముంబయిలో విమానం మారే టికెట్టు కొన్నవారి పరిస్థితి కూడా అదే. దూరం పెరగదు, నిరీక్షణ పెరుగుతుంది. ఢిల్లీ మీదుగా వెళ్లేవారికి మాత్రం దూరం సైతం సుమారు 900 కిలోమీటర్లు అధికమవుతుంది.

గాలి వాటమే కీలకం

వెళ్లేటప్పుడు నాలుగు గంటలు పట్టిన ప్రయాణం తిరుగు దారిలో మూడున్నర గంటలకే ముగియడం చాలామందికి అనుభవమే. దీనికి కారణం విమానం కాదు, గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పునకు బలమైన గాలులు వీస్తుంటాయి. వీటినే జెట్‌ ప్రవాహాలంటారు. శీతాకాలంలో ఇవి ఉత్తర భారతం మీదుగా, గల్ఫ్‌ ప్రాంతం మీదుగా ఉద్ధృతంగా ప్రవహిస్తాయి. దుబాయి వెళ్లే విమానానికి ఇవి ఎదురుగాలులు, తిరిగి వచ్చే విమానానికి వెన్నుగాలులు.

దీనిని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గాలిలో గంటకు 850 కిలోమీటర్ల వేగం గల విమానానికి, గాలి ప్రభావమేమీ లేకుంటే, 2,550 కిలోమీటర్లు దాటడానికి సరిగ్గా మూడు గంటలు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలతో పోల్చిన వేగం 750కి పడిపోయి, సమయం 3 గంటల 24 నిమిషాలవుతుంది. అదే గాలి వెనుక నుంచి నెడితే వేగం 950కి చేరి, 2 గంటల 41 నిమిషాలు సరిపోతుంది. పోకకు, రాకకు మధ్య తేడా 43 నిమిషాలు. పైకెగసేందుకు, దిగేందుకు, రన్‌వే వరకు నెమ్మదిగా సాగేందుకు పట్టే సమయాన్ని దీనికి కలుపుకోవాలి. విమానయాన సంస్థలు ప్రకటించే నాలుగు గంటలు ఇవన్నీ కలిసినవే. వర్షాకాలంలో పడమటి గాలులు హిమాలయాలకు ఉత్తరంగా జరిగిపోవడంతో ఈ వ్యత్యాసం తగ్గుతుంది.

టికెట్టుపై కనిపించే వేళలు మరో తికమకకు దారితీస్తున్నాయి. దుబాయి గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి నాలుగు గంటలు ప్రయాణించిన విమానం అక్కడి వేళ ప్రకారం మధ్యాహ్నం 12.30 గంటలకు దిగుతుంది. టికెట్టు చూసినవారికి రెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. అక్కడ మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరి మూడున్నర గంటలు ప్రయాణించిన విమానం ఇక్కడ రాత్రి 7 గంటలకు చేరుతుంది. అది ఐదు గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. మస్కట్‌కూ ఇదే తేడా వర్తిస్తుంది. సౌదీ అరేబియా, ఖతార్, కువైట్, బహ్రెయిన్‌ గడియారాలు రెండున్నర గంటలు వెనుక ఉంటాయి. రాక వేళను సరిగా లెక్కించుకోక విమానాశ్రయానికి వాహనాన్ని ముందే తీసుకువెళ్లి అదనపు కిరాయి చెల్లించే కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి.

గగనతలం మూతపడితే..

ఆకాశ మార్గాలు ఎల్లవేళలా తెరిచి ఉండవన్న సంగతి గడచిన కొన్నేళ్లలో పలుమార్లు రుజువైంది. కరోనా కారణంగా 2020 మార్చి 23 నుంచి నిలిచిపోయిన సాధారణ అంతర్జాతీయ సర్వీసులు పూర్తి స్థాయిలో తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో వందే భారత్‌ విమానాలు, ఆయా దేశాలతో ప్రత్యేక ఏర్పాట్ల కింద నడిచిన సర్వీసులు మాత్రమే దిక్కయ్యాయి. 2024 ఏప్రిల్‌ 16న దుబాయిలో కురిసిన కుండపోత వర్షానికి విమానాశ్రయం జలమయమై వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. 2025 ఏప్రిల్‌ 24న పాకిస్థాన్‌ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసి, ఆ తరువాత నెలనెలా గడువు పొడిగిస్తూ వచ్చింది. ఢిల్లీ, అమృత్‌సర్‌ వంటి ఉత్తరాది నగరాల నుంచి పడమటికి వెళ్లే సర్వీసులపై ఆ భారం అధికంగా పడింది. హైదరాబాద్‌-దుబాయి మార్గం ప్రధానంగా అరేబియా సముద్రం మీదుగా సాగేది కావడంతో ఇక్కడివారికి అంతటి ఇబ్బంది కలగలేదు. అదే ఏడాది జూన్‌ 23న ఖతార్‌ గగనతలం మూతపడి, పలు గల్ఫ్‌ విమానాలు దారి మళ్లవలసి వచ్చింది. పటంలో దూరం మారకపోయినా ప్రయాణ సమయం ఒక్క పూటలో తలకిందులు కావచ్చునని ఈ ఘటనలు చాటుతున్నాయి.

నేలమీదే అసలు ప్రయాణం

జగిత్యాల జిల్లాలోని పల్లె నుంచి శంషాబాద్‌కు రోడ్డు మార్గం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఊరి నుంచి పట్టణానికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, నగరాన్ని దాటి విమానాశ్రయానికి చేరేసరికి ఐదారు గంటలు గడుస్తాయి. అంతర్జాతీయ ప్రయాణికులు మూడు గంటలు ముందుగా చేరాలన్నది నియమం. అక్కడ దిగిన తరువాత ఇమిగ్రేషన్‌ వరుసలు, కంపెనీ వాహనం కోసం నిరీక్షణ, క్యాంపునకు ప్రయాణం కలిపితే మరో రెండు గంటలు. మొత్తం పద్నాలుగు, పదిహేను గంటల ప్రయాణంలో ఆకాశంలో గడిచేది నాలుగు గంటలే. అనగా మూడో వంతు కూడా కాదు.

2008 మార్చి వరకు బేగంపేట నుంచి నడిచిన విమానాలు ఆ తరువాత శంషాబాద్‌కు తరలాయి. సౌకర్యాలు పెరిగిన మాట వాస్తవమే. కానీ ఉత్తర జిల్లాలవారికి నగరాన్ని ఆసాంతం దాటవలసిన భారం అదనంగా వచ్చిపడింది. శంషాబాద్‌ ఒప్పందంలో 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయాన్ని అనుమతించరాదన్న షరతు ఉండగా, నిర్వాహక సంస్థ సమ్మతితో వరంగల్‌ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్, నిజామాబాద్‌ జిల్లా జక్రాన్‌పల్లి పేర్లు ఏళ్ల తరబడి ప్రతిపాదనల్లో వినిపిస్తున్నాయి.

అయితే విమానాశ్రయం వచ్చినంత మాత్రాన గల్ఫ్‌ దగ్గరవుతుందనుకోవడం తొందరపాటే అవుతుంది. కస్టమ్స్, ఇమిగ్రేషన్‌ వసతులు లేని చిన్న విమానాశ్రయం నుంచి విదేశీ సర్వీసులు నడవవు. అక్కడి నుంచి హైదరాబాద్‌కో, ముంబయికో చేరి మరో విమానం ఎక్కవలసిందే. అంతకన్నా ముందుగా ఫలితమిచ్చేది రైలుమార్గం. మనోహరాబాద్‌-కొత్తపల్లి మార్గంలో 2023 అక్టోబరులో సిద్దిపేట వరకు రైలు వచ్చింది. సిరిసిల్ల, వేములవాడల మీదుగా కొత్తపల్లి వరకు పూర్తయితే కరీంనగర్, జగిత్యాల ప్రాంతాలవారికి రాజధాని ప్రయాణం సులభతరమవుతుంది. వలస కార్మికునికి కావలసింది వేగవంతమైన విమానం కన్నా, అర్ధరాత్రి విమానానికి వేళకు చేర్చే బస్సో, రైలో.

సీట్ల కొరత.. చార్జీల మోత

దూరాన్ని బట్టి చార్జీ ఉంటుందని సామాన్యుడు భావిస్తాడు. ఆర్టీసీ బస్సులో అది నిజమే. విమానంలో మాత్రం చార్జీని నిర్ణయించేది గిరాకీ. రెండు దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చునో ప్రభుత్వాల నడుమ ఒప్పందాలు పరిమితి విధిస్తాయి. 2014లో కుదిరిన ఏర్పాటు ప్రకారం భారత్‌-దుబాయి మధ్య ఒక్కో పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లకు అనుమతి లభించింది. మరో 50 వేల సీట్లు పెంచాలని 2022లో దుబాయి కోరింది. మన సంస్థల ప్రయోజనాలను దృష్టిలో ఉంచుకొని కేంద్రం ఆ విన్నపం పట్ల సుముఖత చూపలేదు.

ఈ వాదనలో బలం లేకపోలేదు. విదేశీ సంస్థలకు తలుపులు బార్లా తెరిస్తే అమెరికా, ఐరోపా వెళ్లే మన ప్రయాణికులందరూ దుబాయిలోనే విమానం మారతారన్న ఆందోళన అర్థం చేసుకోదగినదే. కాని సీట్లు పరిమితమైనప్పుడు వేసవి సెలవుల్లో, దసరా వేళల్లో చార్జీలు పెరుగుతాయి. ఆ భారం విహారయాత్రికునిపైన, రెండేళ్లకోసారి ఇల్లు చూసేందుకు వచ్చే కూలీపైన ఒకే తీరున పడుతుంది. నెలల ముందు టికెట్టు కొనగలిగినవారికి చౌక, ఇంట్లో మరణవార్త విని అప్పటికప్పుడు కొనేవారికి మోత. అత్యవసరంలో ఉన్నవాడే అందరికన్నా ఎక్కువ చెల్లించవలసి రావడం ఈ విధానంలోని లోపం.

సొమ్ము సమకూరినా సెలవు దొరకాలి. పాస్‌పోర్టు యజమాని వద్ద ఉండిపోయిన సందర్భాల్లో ప్రయాణం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. సౌదీ అరేబియాలో 2021 మార్చి నుంచి అమలైన సంస్కరణలతో పలువురు కార్మికులకు యజమాని అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్లే వీలు కలిగింది. ఇళ్లలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొర్రెల కాపరులకు మాత్రం ఆ వెసులుబాటు వర్తించలేదు. మన పల్లెల నుంచి వెళ్లినవారిలో ఇటువంటి పనులు చేసేవారు తక్కువేమీ కాదు. వారి విషయంలో దూరాన్ని కొలవవలసింది కిలోమీటర్లలో కాదు, యజమాని సమ్మతిలో.

మృతదేహం రాకకు ఇన్ని అడ్డంకులా?

ఈ దూరం పూర్తి బరువు తెలిసేది మరణం సంభవించినప్పుడే. దుబాయి నుంచి శవపేటికతో బయలుదేరిన విమానం కూడా మూడున్నర, నాలుగు గంటల్లోనే శంషాబాద్‌ చేరుతుంది. కాని ఆ విమానం ఎక్కించే ముందు ఆసుపత్రి నివేదిక, పోలీసుల అనుమతి, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సమ్మతి పత్రం, వీసా రద్దు, భారత దౌత్య కార్యాలయంలో పాస్‌పోర్టు రద్దు, నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్, సరకు విమానంలో స్థలం.. ఇలా ఒకదాని వెంట ఒకటి పూర్తి కావాలి. ఒక్క కాగితంలో పేరు తేడాగా ఉన్నా మిగిలినవన్నీ నిలిచిపోతాయి. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మృతి అయితే దర్యాప్తు ముగిసే వరకు ఆగవలసిందే. 2022కు ముందు వారాంతపు సెలవులు మనకూ వారికీ ఒకే రోజుల్లో ఉండకపోవడంతో మరికొంత జాప్యం జరిగేది. యజమానిని వదిలి వేరొకచోట పనిచేస్తూ మరణించిన వారి విషయంలో బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దగ్గరే రోజులు గడిచిపోతాయి.

ఆదుకునే ఏర్పాట్లు లేవని చెప్పడం సరికాదు. స్వదేశానికి మృతదేహాన్ని చేర్చే ఖర్చు భరించేవారు లేనప్పుడు దౌత్య కార్యాలయాలు 2009లో ఏర్పాటైన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి సహాయం చేస్తాయి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్‌' ద్వారా కుటుంబాలు ఇక్కడి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. పదో తరగతి పూర్తి చేయక ఈసీఆర్‌ పాస్‌పోర్టుపై వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా లభిస్తుంది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు జారీ చేసింది.

లోపమల్లా ఇవి తెలియకపోవడంలోనే ఉంది. విజిట్‌ వీసాపై వెళ్లి పనిలో చేరినవారు ఈమైగ్రేట్‌ నమోదుకు, తప్పనిసరి బీమాకు వెలుపలే ఉండిపోతున్నారు. ఎమిగ్రేషన్‌ అనుమతి అక్కరలేకుండా వారం రోజుల్లో పంపుతామన్న ఏజెంటు మాట నమ్మి ప్రయాణ సమయం ఆదా అయిందని సంతోషించినవారి కుటుంబాలే ఆపద వేళ అందరికన్నా ఎక్కువ కాలం ఎదురుచూడవలసి వస్తున్నది. వెళ్లేటప్పుడు తప్పించుకున్న నాలుగు కాగితాలు తిరిగి రావలసిన నాడు నలభై కాగితాలై కూర్చుంటాయి.

చేయదగినవి ఏమిటి?

విమాన వేగాన్ని పెంచడం, గాలిని మళ్లించడం ఎవరి చేతుల్లోనూ లేదు. నేలమీద వృథా అవుతున్న కాలాన్ని తగ్గించడం మాత్రం అసాధ్యమేమీ కాదు. గల్ఫ్‌ వలసలు అధికంగా గల జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్‌ జిల్లాల కలెక్టరేట్లలో మరణాలు, నిర్బంధాలకు సంబంధించిన పత్రాలను ఒకేచోట పూర్తి చేయించే విభాగం నిరంతరం పనిచేయాలి. సమ్మతి పత్రం, వారసత్వ ధ్రువీకరణ వంటివి తహసీల్దార్‌ కార్యాలయంలో దరఖాస్తు చేసిన రోజే అందేలా చూడాలి. రాత్రివేళ విమానాలకు అనుగుణంగా కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల డిపోల నుంచి నేరుగా శంషాబాద్‌ చేరే బస్సులు నడపడం ఆర్టీసీకి సైతం నష్టదాయకం కాబోదు. మరణవార్తపై బయలుదేరే కార్మికులకు ఒక నిర్ణీత చార్జీ ఉండేలా కేంద్రం విమాన సంస్థలను ఒప్పించాలి.

కుటుంబాలు తీసుకోదగిన జాగ్రత్తలూ ఉన్నాయి. వెళ్లేవారి పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, బీమా పత్రాల నకళ్లు ఇంట్లో భద్రపరచుకోవాలి. పాస్‌పోర్టులో, ఆధార్‌లో, రేషన్‌ కార్డులో పేరు, ఇంటిపేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో బయలుదేరక ముందే సరిచూసుకోవాలి. యజమాని పేరు, క్యాంపు చిరునామా, తోటివారి ఫోను నంబర్లు భార్యకో, తల్లిదండ్రులకో తెలిసి ఉండాలి. టికెట్టు వెల తక్కువని రెండుచోట్ల ఆగే ప్రయాణాన్ని ఎంచుకునేముందు మొత్తం గంటలను లెక్క వేసుకోవాలి.

హైదరాబాద్‌-దుబాయి దూరం రేపటికీ 2,550 కిలోమీటర్లే. విమానం తన వంతు ప్రయాణాన్ని నాలుగు గంటల్లో ముగిస్తున్నది. మిగిలిన రోజులన్నీ కార్యాలయాల్లో, వరుసల్లో, రహదారుల్లో కరిగిపోతున్నాయి. ఆ రోజులను గంటలకు కుదించే బాధ్యత ప్రభుత్వ యంత్రాంగం స్వీకరించిన నాడే గల్ఫ్‌ నిజంగా దగ్గరవుతుంది.